నారలోనే కవచం

కారు తలుపు లోపలివైపు బిగించే పలకను విప్పి, అంచు కోసి భూతద్దం కింద పెడితే దాని కట్టుబడి తెలుస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందంలోనే లెక్కలేనన్ని నారపోగులు అడ్డంగా, ఏటవాలుగా, పైనుంచి కిందికి పెనవేసుకుని ఉంటాయి. వాటి సందుల్లోకి కరిగి దిగి, గట్టిపడి, పోగును పోగుకు అతికించింది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. లాగుడుకు ఓర్చుకునేది నార. అది చెదరకుండా, పలక ఆకారం తప్పకుండా పట్టి ఉంచేది ప్లాస్టిక్. రెండు పదార్థాలు దేని గుణం అది నిలుపుకుంటూనే ఇలా ఒక్కటై పనిచేస్తే దాన్ని కాంపోజిట్ అంటారు.

ఆ నార జనపనార కావచ్చు, అవిసె నార కావచ్చు, గోగునార కావచ్చు. గోగు మనకు పరాయిది కాదు, గోంగూరకు దగ్గరి చుట్టం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రైతులు దాని కాండాల్ని నీళ్లలో ఊరబెట్టి, నార ఒలిచి, ఎండబెట్టి గోనె సంచుల మిల్లులకు అమ్మేవారు. అదే జాతి నారను టొయోటా కంపెనీ కారు తలుపుల పలకల్లోకి తీసుకుంది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. గాజు పోగు సాంద్రత నీటికి రెండున్నర రెట్లు, నారది ఒకటిన్నర రెట్లే. పలక తేలికవుతుంది, కోసే పనిముట్లు త్వరగా అరగవు, ముడిసరుకు ఏటా పొలంలో పండుతుంది.

చిక్కల్లా నిప్పుతోనే. గాజు మండదు, నార మండుతుంది. పాలీప్రొపిలీన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కిలో నార కాలితే సుమారు 17 మెగాజౌళ్ల వేడి పుడితే, కిలో పాలీప్రొపిలీన్ కాలితే 43కు పైగానే పుడుతుంది. మండే రెండింటిని కలిపి, మంటను ఆపే వస్తువు తయారు చేయాలి. ఈ పనిలో ఆరితేరినవాళ్లు చేసేది ఒక వరుస పేర్చడం. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏది విడిపోవాలి, ఏది దాని వెనక రావాలి, ఏది చివరిదాకా నిలవాలి అన్నది ముందే నిర్ణయించి, ఆ వేళలకు తగ్గ పదార్థాల్ని ఎంచుకుంటారు. పలక మంటకు తట్టుకోవడం, తట్టుకోలేకపోవడం ఆ వేళల పొందికలోనే ఉంది.

ముందు నార సంగతి. ఒక్క పోగులోనే మూడు ముఖ్య పదార్థాలున్నాయి. సెల్యులోజ్ సన్నని తీగలుగా, పోగు పొడవునా మెలితిరిగి ఉంటుంది, బలమంతా దానిదే. ఆ తీగల్ని చుట్టుకుని మెత్తగా ఉండేది హెమిసెల్యులోజ్. సందుల్ని పూడ్చి గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్. జనపనారలో సెల్యులోజ్ 60 నుంచి 70 శాతం, లిగ్నిన్ 12, 13 శాతం దాకా ఉంటుంది. అవిసె నారలో లిగ్నిన్ రెండు శాతమే. కొబ్బరి పీచులో 40 శాతం దాటుతుంది.

వేడి తగిలినప్పుడు ఈ మూడూ ఒకేసారి చెడవు. వంద డిగ్రీల చుట్టుపక్కల నారలోని తేమ ఆవిరవుతుంది. సుమారు 220 నుంచి 315 డిగ్రీల మధ్య హెమిసెల్యులోజ్ విడిపోతుంది. 315 నుంచి 400 డిగ్రీల మధ్య సెల్యులోజ్ వంతు వస్తుంది. అది విడిపోవడం మొదలైతే ఎక్కువసేపు పట్టదు. లిగ్నిన్ తీరు వేరు. 160 డిగ్రీల దగ్గరే మొదలుపెట్టి 900 దాకా నింపాదిగా విడిపోతూ ఉంటుంది, ఎక్కువ బొగ్గును మిగులుస్తుంది.

ఈ తేడాను చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. కిళ్లీ కొట్టు పక్కన బీడీలు వెలిగించుకోవడానికి వేలాడదీసే కొబ్బరి తాడును గమనించండి. కొసన ఎర్రటి నిప్పు ఉంటుంది, మంట ఉండదు. ఊదితే కొస ఎర్రబడుతుంది, వదిలేస్తే బూడిద కప్పుకుని లోపల రాజుకుంటూనే ఉంటుంది. అంగుళం కాలడానికి చాలాసేపు పడుతుంది. అదే దూదిని వెలిగిస్తే భగ్గుమని మంట లేస్తుంది. దూది దాదాపు అంతా సెల్యులోజే. వేడికి అందులోంచి మండే ఆవిర్లు ఒక్కసారిగా వెలువడి గాలిలో కాలతాయి. ఆ కాలడమే మంట. కొబ్బరి పీచులో ఆవిర్లు తక్కువ, బొగ్గు ఎక్కువ. ఆ బొగ్గు ఉపరితలానికి గాలి తగిలి కాలడమే కణకణలాడే నిప్పు. నార పలక తయారుచేసేవారు ఎదుర్కోవలసినవి ఈ రెండూ. మంటను ఆపి నిప్పును మరిచిపోతే పని సగమే అయినట్టు.

ఇక కిటుకంతా దాగి ఉన్న చోటుకు వద్దాం. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ ముక్కల పొడవాటి గొలుసు. వేడికి అది రెండు దారుల్లో విడిపోగలదు. మొదటి దారిలో గొలుసు తెగి, ముక్కలు లెవోగ్లూకోసాన్ అనే పదార్థంగా ఊడివస్తాయి. అది తారులా మారి, ఆవిరై, మంటకు మేతవుతుంది. రెండో దారిలో గొలుసు తెగకముందే దానికి అంటిపెట్టుకున్న హైడ్రోజన్, ఆక్సిజన్ జతకట్టి నీరుగా బయటికి పోతాయి. మిగిలిన కార్బన్ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని బొగ్గవుతాయి. సెల్యులోజ్‌లో ఒక్కో ముక్క ఫార్ములాలో ఆరు కార్బన్లు, పది హైడ్రోజన్లు, ఐదు ఆక్సిజన్లు ఉన్నాయి. పది హైడ్రోజన్లు, ఐదు ఆక్సిజన్లు అంటే సరిగ్గా ఐదు నీటి అణువులు! కాగితం మీద లెక్కవేస్తే, రెండో దారి లోపం లేకుండా నడిస్తే నార బరువులో 56 శాతం నీరుగా పోయి 44 శాతం బొగ్గుగా నిలుస్తుంది. మండే ఆవిరి బొట్టు కూడా పుట్టదు. ఆచరణలో అంత పూర్తిగా జరగదు. అయినా మంటను ఆర్పే నీరు, మంటను అడ్డుకునే బొగ్గు రెండూ నారలోనే సిద్ధంగా ఉన్నాయన్నది ఆ లెక్క చెప్పే మాట. సెల్యులోజ్‌ను మొదటి దారి నుంచి రెండో దారికి మళ్లించేవాడు కావాలి, అంతే.

మళ్లించేది ఆమ్లం. ముఖ్యంగా ఫాస్ఫారిక్ ఆమ్లం. అది సెల్యులోజ్‌లోంచి నీటిని లాగేస్తుంది, అదీ మామూలు కంటే తక్కువ వేడి దగ్గరే. ఈ రహస్యం శాస్త్రం పూర్తిగా విప్పకముందే చేతిపనిగా దొరికింది. 1735లో ఇంగ్లండులో ఒబాడయా వైల్డ్ పటిక, బోరాక్స్, అన్నభేది కలిపిన ద్రావణంతో బట్టలు, కాగితం త్వరగా అంటుకోకుండా చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1821లో ఫ్రాన్సులో రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్, రాజు 18వ లూయీ కోరిక మేరకు నాటకశాలల తెరలు నిప్పంటుకోకుండా చూసే మార్గం వెతికాడు. నార బట్టలకు అమ్మోనియం ఫాస్ఫేట్, అమ్మోనియం క్లోరైడ్, బోరాక్స్ కలిపి పట్టిస్తే మంచి ఫలితం వస్తుందని తేల్చాడు. రెండు వందల ఏళ్లు దాటినా అతను ఎంచుకున్న ఫాస్ఫేట్, బోరాక్స్ ఇప్పటికీ ఈ పనిలోంచి తప్పుకోలేదు.

ఆ ఫాస్ఫేట్లలో ఒకటి మన రైతులందరికీ తెలుసు. ఎరువుల దుకాణంలో బస్తాల్లో దొరికే డి.ఎ.పి., అంటే డై అమ్మోనియం ఫాస్ఫేట్. దాన్ని నీళ్లలో కరిగించి, నారను ముంచి ఆరబెడితే ఆ నార నిప్పు పెట్టినా నల్లబడుతుందే గాని సరిగ్గా మండదు. ఇంత సులువైన మందు ఉంటే ఇంకా వెతుకులాట ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, డి.ఎ.పి. నీటికి కరుగుతుంది, తడిసిన పలకలోంచి మెల్లగా జారిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. అది వేళ తప్పుతుంది.

ఎలాగో తెలియాలంటే పలక తయారీ చూడాలి. నారను దువ్వి, పాలీప్రొపిలీన్ పోగులతో కలిపి మెత్తటి పరుపులా పరుస్తారు. ఆ పరుపు మీద ముళ్లున్న సూదుల వరసలు పైకీ కిందికీ ఆడతాయి. సూది దిగేటప్పుడు దాని ముళ్లు కొన్ని పోగుల్ని పట్టుకుని లోపలికి లాగుతాయి. పైకి లేచేటప్పుడు వాటిని అక్కడే వదిలేస్తాయి. అలా జిగురు లేకుండానే పరుపు గట్టి దుప్పటిలా బిగుసుకుంటుంది. తరువాత దాన్ని వేడి ఫలకాల మధ్య 190 డిగ్రీల దాకా వేడి చేస్తారు. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరిగి నార సందుల్లోకి పారుతుంది. వెంటనే చల్లని అచ్చులో వేసి నొక్కితే తలుపు పలక ఆకారం వస్తుంది. ఈ వేడికి పైహద్దు ప్లాస్టిక్ వల్ల కాదు, నార వల్ల ఏర్పడింది. 200 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంచితే నార రంగు మారి, బలం తగ్గి, మాడు వాసన వేస్తుంది. నారను ముందుగా బాగా ఆరబెట్టి తీరాలి, లేకపోతే లోపలి తేమ ఆవిరై పలకలో బుడగలు మిగులుతాయి.

డి.ఎ.పి. 150 డిగ్రీల పైన నిలవదు. అంటే దానిలోంచి రావలసిన ఫాస్ఫారిక్ ఆమ్లం అగ్నిప్రమాదం దాకా ఆగకుండా కార్ఖానాలో అచ్చు దగ్గరే విడుదలై, నారను అక్కడే కొరికి పెళుసు చేస్తుంది. మంట ఆపే గుణం వస్తుంది, మోసే బలం పోతుంది. అందుకే పనివారు అదే కుటుంబంలోని పెద్దన్నను పిలుస్తారు: అమ్మోనియం పాలీఫాస్ఫేట్. ఇందులో ఫాస్ఫేట్ ముక్కలు గొలుసుకట్టి ఉంటాయి. పొట్టి గొలుసు రకం 150 డిగ్రీల దగ్గరే విడిపోతుంది, నీటికి ఎక్కువ కరుగుతుంది. వెయ్యికి మించిన ముక్కలతో పెద్ద గొలుసులు కట్టిన రకం 300 డిగ్రీల దాకా నిబ్బరంగా ఉంటుంది, నీటికీ అంతగా లొంగదు. 190 డిగ్రీల అచ్చును చెక్కుచెదరకుండా దాటి, సెల్యులోజ్ తనంతట తాను జోరుగా విడిపోయే వేడి రాకముందే మేలుకునే పదార్థం కావాలి. ఆ ఇరుకు సందులో ఈ పొడవు గొలుసు రకం సరిగ్గా ఇముడుతుంది.

ఇప్పుడు ఆ పలకకు నిప్పు తగిలిందనుకుందాం. మొదట పైపొరలో మిగిలిన కొద్ది తేమ పోతుంది. ప్లాస్టిక్ కరగడం మొదలవుతుంది. వేడి ఇంకా పెరిగితే పాలీఫాస్ఫేట్ గొలుసులు తెగి, అమ్మోనియా వాయువు, ఫాస్ఫారిక్ ఆమ్లం వేరవుతాయి. ఆమ్లం పక్కనే ఉన్న సెల్యులోజ్‌ను పట్టుకుని నీటిని బయటికి గెంటుతుంది. మిగిలిన కార్బన్ చిక్కటి నల్లని ముద్దగా మారుతుంది. అమ్మోనియా, నీటి ఆవిరి ఆ ముద్దలోంచి బయటపడబోతూ దాన్ని బెల్లం పాకం నురగకట్టినట్టు పొంగిస్తాయి. పొంగుతుండగానే ముద్ద గట్టిపడి, గాలి గదులతో నిండిన బొగ్గు నురగగా నిలిచిపోతుంది. దాంతో ఒకేసారి మూడు పనులు జరుగుతాయి. బయటి వేడి లోపలికి సులువుగా దిగదు. లోపలి ఆవిర్లు మంట దాకా సులువుగా రావు. అమ్మోనియా, నీటి ఆవిరి మంటలోని గాలిని పలచన చేస్తాయి. ఇలా పొంగే రక్షణకు మామూలుగా మూడు సరుకులు కావాలి: ఆమ్లాన్నిచ్చేది, బొగ్గునిచ్చేది, పొంగించే వాయువునిచ్చేది. ఉక్కు దూలాలకు పూసే పొంగే రంగుల్లో బొగ్గు కోసం పెంటాఎరిత్రిటాల్ వంటివి ప్రత్యేకంగా కలపాల్సి వస్తుంది. నార పలకలో ఆ ఖర్చు కొంత తప్పుతుంది, బొగ్గు ఇచ్చే సరుకు నారే కాబట్టి.

ఈ కవచం పాలీప్రొపిలీన్‌కు మరీ అవసరం. దానికి బొగ్గు కట్టే గుణం లేదు. కరిగి, ఆవిరై, మిగలకుండా కాలిపోతుంది. పైగా కరిగిన ప్లాస్టిక్‌ను నారపోగులు తమ వెంట పైకి లాగి మంటకు అందిస్తాయి. అందుకే ఏ మందూ కలపని నార కాంపోజిట్ ఒట్టి ప్లాస్టిక్ కంటే త్వరగా అంటుకుంటుంది. ఇంకో వైపు, అంటుకున్నాక అంత ఉధృతంగా మండదు. ఎక్కువ వేడినిచ్చే ప్లాస్టిక్ స్థానంలో తక్కువ వేడినిచ్చే నార వచ్చింది, ఆ నార కొంత బొగ్గునూ మిగిల్చింది. నార వల్ల కలిగే ఈ కీడునూ మేలునూ విడివిడిగా తూకం వేయాలి. రెంటినీ ఒకే మాటలో తేల్చేస్తే తప్పు పదార్థం చేతికి వస్తుంది.

ఆమ్లం దారి కాక ఖనిజాల దారి ఒకటుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి 200 డిగ్రీల దగ్గర విడిపోతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది, తన బరువులో 34.6 శాతాన్ని నీటి ఆవిరిగా వదులుతుంది. మిగిలిన అల్యూమినా పైన పొరలా కప్పుకుంటుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అదే పనిని 300 డిగ్రీల పైన చేస్తుంది, 31 శాతం నీరిస్తుంది. ఇక్కడా వేళే తేలుస్తుంది. పాలీప్రొపిలీన్‌కు బదులు నారను పట్టి ఉంచే, చల్లగా గట్టిపడే రెజిన్లకు మొదటిది చాలు, 190 డిగ్రీల అచ్చుకు రెండోది నమ్మకం. అయితే ఇవి చాలా ఎక్కువ మోతాదు కోరతాయి. ఒక్కోసారి మొత్తం బరువులో సగానికి మించి కలపాలి. తేలికదనం కోసం నారను ఎంచుకున్నవాడికి అది చేదు మందే.

నిప్పు రాజుకోకుండా చూడటం వేరే పని అన్నాం కదా. బోరాక్స్ మంట పాకకుండా ఆపుతుంది గాని, లోపల రాజుకునే నిప్పును కొంత ప్రోత్సహిస్తుంది. బోరిక్ ఆమ్లం అందుకు తలకిందులు: రాజుకోవడాన్ని అణుస్తుంది, మంట మీద దాని పట్టు తక్కువ. రెంటినీ కలిపి వాడితే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. ఇదే కారణంతో, కాస్టిక్ సోడాతో శుభ్రం చేసిన నారను బాగా కడగాలి. మిగిలిపోయిన సోడియం, మొక్కలో సహజంగా ఉండే పొటాషియంలాగే, బొగ్గు రాజుకోవడానికి సాయపడుతుంది. చివరి కడుగులో చూపిన బద్ధకం పలకలో కంటికి కనిపించదు, నిప్పుకు కనిపిస్తుంది.

మందులు కలపకుండా, నారను పట్టి ఉంచే రెజిన్‌నే మార్చడం ఇంకో పద్ధతి. ఫినాలిక్ రెజిన్ వేడికి కరగదు, బొగ్గు కడుతుంది. తూర్పు జర్మనీలో తయారైన ట్రాబంట్ కారు పైభాగాలు ఫినాలిక్ రెజిన్‌లో నూలు పోగులు కలిపి అచ్చుపోసినవే. ఫ్యూరాన్ రెజిన్‌దీ అదే స్వభావం. దాని మూలమైన ఫర్ఫ్యూరల్‌ను చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల వంటి పొలం వ్యర్థాల నుంచి తీస్తారు. అలాంటి పలకలో నారా, రెజినూ రెండూ పంట నుంచే వచ్చి, రెండూ బొగ్గు కడతాయి.

మందునూ పంట నుంచే తెచ్చే ప్రయత్నం మరీ ముచ్చటైనది. బియ్యం తవుడులో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది. దాని బరువులో 28 శాతం ఫాస్ఫరస్. రొయ్య పెంకుల నుంచి కైటోసాన్ తీస్తారు, అందులో నైట్రోజన్ ఉంది, బొగ్గు కట్టే గుణమూ ఉంది. నీటిలో ఒకటి రుణావేశంతో, మరొకటి ధనావేశంతో ఉంటాయి. 2012లో అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ పరిశోధకులు నూలు బట్టను ఈ రెండు ద్రావణాల్లో మార్చి మార్చి ముంచి, ఒకదాని మీద ఒకటిగా అతి పలచని పొరలు కట్టించారు. ఆమ్లం, బొగ్గు, పొంగించే వాయువు మూడూ పోగు చర్మం మీదే చేరాయి. వడ్ల మిల్లులూ రొయ్యల చెరువులూ పక్కపక్కనే ఉన్న గోదావరి, కృష్ణా డెల్టాలకు ఈ ముడిసరుకులు రెండూ ఇంటి సరుకులే. ఇలా పొరలు కట్టడం నిదానంగా సాగే పని గనుక కార్ఖానా వేగానికి అందడం ఇంకా కష్టమే. పోగుకు పోగుకు కవచం తొడగడం మాత్రం సాధ్యమని తేలింది.

ఇదంతా పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకు కోన్ కేలరీమీటర్ అనే పరికరం ఉంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో వైటెనిస్ బాబ్రౌస్కస్ 1982లో దీన్ని వెలుగులోకి తెచ్చాడు. వంద మిల్లీమీటర్ల చదరపు ముక్కను తక్కెడ మీద పెడతారు. దాని పైన 25 మిల్లీమీటర్ల ఎత్తులో శంకువు ఆకారంలో చుట్టిన విద్యుత్ తాపకం ఉంటుంది. శంకువు ఎందుకంటే ముక్క అంతటా వేడి సమంగా పడాలి, నడుమ తెరిచి ఉన్న దారిలోంచి మంట, పొగ పైకి పోవాలి. ముక్క మీద చదరపు మీటరుకు 35 లేదా 50 కిలోవాట్ల వేడి పడేలా సర్దుతారు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు ఒక కిలోవాట్ మాత్రమే. ముక్కకు 13 మిల్లీమీటర్ల పైన విద్యుత్ రవ్వ చిటపటలాడుతూ, వెలువడే ఆవిర్లు అంటుకునే క్షణం కోసం కాచుకుని ఉంటుంది.

దీనిలోని అసలు తెలివి వేడిని నేరుగా కొలవకపోవడం. ఏ పదార్థం కాలినా, కిలో ఆక్సిజన్ ఖర్చయితే సుమారు 13.1 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. చెక్కైనా, ప్లాస్టికైనా, నారైనా ఈ అంకె పెద్దగా మారదు. 1917లో థార్న్‌టన్ గుర్తించిన ఈ పోలికను 1980లో హగెట్ విస్తృతంగా పరీక్షించి స్థిరపరిచాడు. కాబట్టి పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తే చాలు, ఆ క్షణంలో ఎంత వేడి వెలువడుతోందో లెక్క తేలుతుంది. కాగితం మీద ఆ లెక్క గీతగా లేస్తుంది. మందు లేని పలక గీత ఒకే నిట్టనిలువు శిఖరం. పొంగే మందున్న పలక గీత మొదట చిన్నగా లేచి, బొగ్గు పొర కట్టగానే ఒంగి, పొడవుగా చదునుగా సాగుతుంది. తరువాత మళ్లీ ఒక మెట్టు లేచిందంటే బొగ్గు ఎక్కడో పగిలిందని అర్థం. పగుళ్లు పడకుండా పొరకు బిగువునివ్వడం ఎలాగని పనివాడు మళ్లీ తన పాళ్ల దగ్గరికి వెళ్తాడు.

ఇంకా మొరటుదైనా వేగంగా తేల్చే పరీక్ష యుఎల్ 94. 125 మిల్లీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీని నిలువుగా బిగించి, కింది కొసకు పది సెకన్ల చొప్పున రెండుసార్లు మంట తగిలిస్తారు. మంట తీసిన ప్రతిసారీ పది సెకన్లలోపు ఆరిపోవాలి. కింద 300 మిల్లీమీటర్ల దూరంలో పరిచిన దూది మీద పడే చుక్కలు దాన్ని అంటించకూడదు. ఐదు పట్టీలూ కలిపి మండిన సమయం 50 సెకన్లు మించకూడదు. అన్నీ నెగ్గితే వి-0, ఈ నిలువు పట్టీ పరీక్షలో అత్యున్నత శ్రేణి. బొగ్గు కట్టే గుణానికి ఇక్కడ రెట్టింపు విలువ: మంటా ఆరుతుంది, చుక్కలూ రాలవు.

మంచి పలక ఎంతవరకు మండవచ్చో అది బిగించే చోటు చెబుతుంది. కారు లోపలి భాగానికి అమెరికా నిబంధన అడిగేది, అడ్డంగా పట్టి అంటిస్తే మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదనే. పెద్ద ప్రయాణికుల విమానం లోపలి పెద్ద పలకలకు వెలువడే వేడి శిఖరం చదరపు మీటరుకు 65 కిలోవాట్లు దాటకూడదు, మొదటి రెండు నిమిషాల మొత్తానికి కూడా వేరే హద్దుంది. ఇళ్లలో లావాటి కలప దూలం నిమిషానికి 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతూ లోపలి కలపను కాపాడుకోగలదు. మూడు మిల్లీమీటర్ల పలకకు అంత మందం ధర్మంగా దొరకదు. దూలం తన మందంతో కొనుక్కునే నిమిషాల్ని, ఈ పలక పదార్థాల వేళలతో కొనుక్కోవాలి. అందుకే నిపుణుడు ముందు అడిగేది పలక ఎక్కడ బిగిస్తారని, రెండోది దాన్ని ఎన్ని డిగ్రీల దగ్గర అచ్చుపోస్తారని. నార ఏదో, రెజిన్ ఏదో, మందు ఏదో, ఎన్ని పాళ్లో ఆ రెండు జవాబుల తరువాతే తేలుతుంది.